మంచి నడవడికకు దక్కే రోజులు

ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంటాయన పొలం గట్టు దగ్గర పక్క రైతుతో గొడవ పడ్డాడు. మాటా మాటా పెరిగింది. కర్ర తీసుకుని కొట్టాడు. అవతలి మనిషి చెయ్యి విరిగింది.

పోలీసులు వచ్చి పట్టుకుపోయారు. ఇరవై రోజులు జైల్లో ఉన్నాడు. తర్వాత బెయిలు దొరికింది. కేసు రెండేళ్ళు నడిచింది. ఆఖరికి కోర్టు ఒక ఏడాది కఠిన శిక్ష వేసింది. వెయ్యి రూపాయల జరిమానా కూడా వేసింది. జరిమానా కట్టేశారు. ఆయన జైలుకు వెళ్ళాడు.

ఇంట్లో మిగిలింది భార్య, అత్తగారు, ఇద్దరు పిల్లలు. అరెకరం పొలం. రెండు మేకలు. భార్య కూలికి పోతోంది. రాత్రిపూట చదువు కేంద్రానికి వస్తోంది. పేరు రాయడం, లెక్కలు కూడడం నేర్చుకుంది.

ఒకరోజు కోర్టు చుట్టూ తిరిగే ఒక మనిషి ఇంటికి వచ్చాడు. తెల్ల చొక్కా, చంకలో సంచి. మంచం మీద కూర్చుని మంచినీళ్ళు తాగాడు.

"చూడమ్మా, నాకు జైల్లో అందరూ తెలుసు. ఇరవై వేలు సర్దు. పైవాళ్ళకు ఇవ్వాలి. మీ ఆయన్ని రెండు నెలలు ముందే ఇంటికి తెచ్చే పూచీ నాది" అన్నాడు.

ఇరవై వేలు! మేకలు రెండూ అమ్మినా అంత రాదు. మెడలో పుస్తెలు కుదవ పెట్టాలి. అత్తగారు ఏడుస్తూ అంది, "పుస్తెలదేముందే. రేపు మళ్ళీ చేయించుకోవచ్చు. వాడొస్తే చాలు."

కోడలు వెంటనే సరే అనలేదు. "అత్తమ్మా, రెండు నెలలు ముందు పంపడం వీలైతే, ఆ సంగతి జైలు వాళ్ళకే తెలియాలి కదా. ముందు వాళ్ళనే అడిగొద్దాం" అంది.

ఆదివారం పోయాక ములాఖత్‌కు వెళ్ళింది. భర్తను చూసింది. తర్వాత జైలు గుమస్తాను అడిగింది. "అయ్యా, మా ఆయన ఎప్పుడు బయటికొస్తాడు?"

ఆయన రిజిస్టరు తీశాడు. లెక్క చూసి తేదీ చెప్పాడు. ఆ తేదీ కోర్టు వేసిన ఏడాదికి రెండు నెలలకు పైగా ముందే ఉంది! ఎవరికీ ఒక్క పైసా ఇవ్వలేదు. ఆమె నమ్మలేకపోయింది. "ఇదెట్లా అయ్యా?" అని అడిగింది.

"మీ ఆయన గొడవల్లోకి పోవడం లేదమ్మా. చెప్పిన పని చేస్తున్నాడు. దానికి రోజులు తగ్గుతాయి" అన్నాడు గుమస్తా.

చూశారా? ఆ తెల్ల చొక్కా మనిషి అమ్మజూసింది ఏమిటి? ఆమె భర్త తన నడవడికతో సంపాదించుకుంటున్న రోజుల్నే. ఆ రోజులు ఎలాగూ తగ్గేవే. అతను ఇరవై వేలు తీసుకుని, వేలు కూడా కదపకుండా, "చూశావా, నేనే తెచ్చాను" అనేవాడు. వీళ్ళు దణ్ణం పెట్టేవాళ్ళు. ఇలాంటి మోసం బయటపడదు. ఎందుకంటే మనిషి నిజంగానే ముందు వస్తాడు మరి!

ఇది ఏ ఊళ్ళో జరిగింది, ఆమె పేరేమిటి అని వెతకకండి. లెక్క అర్థం కావడానికి అనుకున్న ఇల్లు ఇది. కానీ లెక్క మాత్రం నిజమైనదే. అదేమిటో చూద్దాం.

శిక్ష తగ్గింపు అంటే

కోర్టు వేసిన శిక్షలో కొన్ని రోజులు తగ్గించడాన్ని శిక్ష తగ్గింపు అంటారు. జైలు వాళ్ళు, ప్లీడర్లు 'రెమిషన్' అంటారు. మీరు జైలు దగ్గరకు వెళితే ఈ మాటే వినబడుతుంది. కాబట్టి గుర్తుంచుకోండి. రె-మి-ష-న్.

మన దేశంలో జైళ్ళ చట్టం 1894లో వచ్చింది. అంటే తెల్లదొరల కాలంలో. మంచి నడవడిక ఉన్న ఖైదీకి శిక్ష తగ్గించే నియమాలు పెట్టుకోవచ్చని ఆ చట్టంలోనే ఉంది. దాన్నిబట్టి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నియమాలు రాసుకుంది. 2016లో కేంద్ర ప్రభుత్వం అన్ని రాష్ట్రాలకూ ఒక నమూనా నియమావళి ఇచ్చింది. ఇలా చేస్తే బాగుంటుంది అని చెప్పే పుస్తకం అన్నమాట. రాష్ట్రాల నియమాల్లో రోజుల లెక్క కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. అందుకే మీ వాళ్ళున్న జైల్లో ఎన్ని రోజులో అక్కడే అడగాలి. ఇక్కడ నమూనా నియమావళి లెక్క చెప్పుకుందాం.

నెలంతా క్రమశిక్షణగా ఉంటే మూడు రోజులు తగ్గుతాయి. అప్పగించిన పని సరిగా చేస్తే ఇంకో మూడు రోజులు తగ్గుతాయి. రెండూ కలిపితే నెలకు ఆరు. జైల్లో వంట చేసేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు ఆదివారం లేదు, పండగ లేదు. అందరూ తినాలి కదా! అలాంటి వాళ్ళకు నెలకు ఎనిమిది రోజులు. రాత్రి కాపలా చూసే ఖైదీలకు కూడా ఎనిమిదే.

జైల్లో వంటపనికి ఇంత విలువ కట్టారు. ఇంట్లో మనం ఏడాది పొడుగునా సెలవు లేకుండా చేసే వంటకు ఎవరూ ఏ లెక్కా వేయరు! ఆ సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఏడాది మొత్తం ఒక్క తప్పూ చేయకుండా ఉన్నవాళ్ళకు ఇంకో ముప్ఫై రోజులు కలుస్తాయి. అయితే దీనికి జైల్లో నిండా ఏడాది గడవాలి. ఏడాది లోపే బయటికి వచ్చేవాళ్ళకు ఇది అందదు. పెద్ద శిక్షలు పడిన వాళ్ళకే పనికొస్తుంది.

ఇవి కాక ప్రత్యేక తగ్గింపు అని ఒకటుంది. ఎవరి ప్రాణమైనా కాపాడితే, గొడవ జరగబోతోందని ముందే చెప్పి ఆపితే, తోటి ఖైదీలకు చదువో చేతిపనో నేర్పితే ఇవ్వవచ్చు. ఇది తప్పనిసరిగా వచ్చేది కాదు. అధికారులు చూసి ఇచ్చేది.

లెక్క చేద్దాం

పలకో కాగితమో తీసుకోండి. మన ఇంటాయనకు ఫిబ్రవరి 1న శిక్ష మొదలైంది అనుకుందాం. ఏడాది శిక్ష. అంటే మళ్ళీ జనవరి 31కి పూర్తవుతుంది.

ముందు రిమాండు రోజులు తీసేయాలి. కేసు నడిచేటప్పుడు ఆయన ఇరవై రోజులు జైల్లో ఉన్నాడు కదా. ఆ రోజులు వృథాగా పోవు. వాటిని శిక్షలో జమ కట్టాలని చట్టం చెబుతోంది. పాత చట్టంలో ఇది 428వ సెక్షను. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. అందులో 468వ సెక్షను. ఇది మంచి నడవడికకు ఇచ్చే బహుమానం కాదు. ఆ ఇరవై రోజులూ ఆయన అనుభవించిన శిక్షే. జనవరి 31 నుంచి ఇరవై రోజులు వెనక్కి లెక్కపెట్టండి. జనవరి 11 వస్తుంది.

ఇప్పుడు నడవడిక రోజులు. నెలకు ఆరు. నిండు నెలలకే ఇస్తారు. సగం నెలకు సగం ఇవ్వరు. ఫిబ్రవరి నుంచి అక్టోబరు వరకు ఎన్ని నెలలు? వేళ్ళ మీద లెక్కపెట్టండి. తొమ్మిది. తొమ్మిది ఆర్లు యాభై నాలుగు.

జనవరి 11 నుంచి యాభై నాలుగు రోజులు వెనక్కి పోవాలి. జనవరిలో 11 రోజులు పోయాయి. ఇంకా 43 ఉన్నాయి. డిసెంబరులో 31 పోయాయి. ఇంకా 12 ఉన్నాయి. నవంబరు 30 నుంచి 12 వెనక్కి పోతే నవంబరు 18.

అంటే జనవరి 31న రావలసిన మనిషి నవంబరు 18కి వస్తాడు. వరి కోతలకు ఇంట్లో ఉంటాడు. ఈ లెక్క చేయడానికి ప్లీడరు అక్కర్లేదు. తీసివేత వస్తే చాలు.

ఒకటి మాత్రం చూసుకోండి. రిమాండు రోజులు కొన్నిసార్లు కాగితాల్లోకి ఎక్కవు. కోర్టు పంపే వారంటు మీద ఆ రోజులు రాసి ఉండాలి. రాయకపోతే జైలు వాళ్ళకు ఎలా తెలుస్తుంది? ఏ రోజు పట్టుకుపోయారు, ఏ రోజు బెయిలు మీద వచ్చాడు, ఈ రెండు తేదీలూ ఇంట్లో ఒక కాగితం మీద రాసి దాచుకోండి. గోడ మీద బొగ్గుతో రాసుకున్నా సరే.

ఎవరికి తగ్గదు?

నమూనా నియమావళి ప్రకారం శిక్ష రెండు నెలలకు తక్కువైతే ఈ తగ్గింపు ఉండదు. పదిహేను రోజులు, నెల రోజులు శిక్ష పడినవాళ్ళు మొత్తం ఉండాల్సిందే.

జరిమానా కట్టలేక జైల్లో ఉండేవాళ్ళకు కూడా ఉండదు. ఇది బీదవాళ్ళకు పెద్ద దెబ్బ. "ఏడాది శిక్ష, వెయ్యి జరిమానా, కట్టకపోతే ఇంకో నెల" అని తీర్పు ఉంటుంది. చాలామంది ఏడాది సంగతే వింటారు. చివరి ముక్క చెవిన పడదు. నవంబరులో వస్తాడని ఎదురుచూస్తే రాడు. అడిగితే "జరిమానా కట్టలేదమ్మా, ఇంకో నెల ఉండాలి" అంటారు. ఆ నెలలో ఎంత మంచిగా ఉన్నా ఒక్క రోజు తగ్గదు. తగ్గాలంటే ఒక్కటే దారి. జరిమానా కట్టడం. కోర్టులో కట్టిన రసీదు జైలుకు చేరాలి. కట్టే స్తోమత బొత్తిగా లేనివాళ్ళ కోసం 2023లో కేంద్ర ప్రభుత్వం ఒక పథకం తెచ్చింది. శిక్ష పడిన బీద ఖైదీ జరిమానా 25,000 రూపాయల దాకా ఆ పథకం కింద కట్టే వీలుంది. ఇది జిల్లా స్థాయిలో ఒక కమిటీ చూసి ఇస్తుంది.

సాధారణ శిక్ష పడినవాళ్ళను పని చేయమని బలవంతం చేయరు. కఠిన శిక్ష పడినవాళ్ళు పని చేయాలి. అయితే సాధారణ శిక్ష వాళ్ళు కూడా "నేను పని చేస్తాను" అని ముందుకు రావచ్చు. అప్పుడు పని రోజులు వాళ్ళకూ వస్తాయి. ఊరికే కూర్చుని రోజులు లెక్కపెట్టే కంటే ఇది నయం కదా. పనికి కూలి కూడా ఇస్తారు. ఖైదీ పనికి న్యాయమైన కూలి ఇవ్వాలని సుప్రీంకోర్టు 1998లో చెప్పింది.

సంపాదించిన రోజులు పోతాయా? పోతాయి. కొట్లాడినా, పని మానుకున్నా, జైలు వస్తువులు పాడుచేసినా, రాకూడని వస్తువులు దగ్గర పెట్టుకున్నా జైలు నేరమే. సూపరింటెండెంటు విచారించి శిక్ష వేయవచ్చు. ఆ శిక్షల్లో రోజులు కోత పెట్టడం ఒకటి. దాన్ని రిజిస్టరులో రాస్తారు.

ఇక్కడ ఇంటివాళ్ళు జాగ్రత్త పడాలి. ములాఖత్‌కు పోయినప్పుడు మనిషి మీద జాలి కలుగుతుంది. "గుట్కా పొట్లం ఒకటి తెచ్చిపెట్టవే" అంటాడు. "చిన్న ఫోను ఎలాగైనా లోపలికి పంపు" అంటాడు. మీరు ప్రేమ కొద్దీ పంపిస్తారు. తనిఖీలో దొరుకుతుంది. నెలల తరబడి కూడబెట్టిన రోజులు పోవచ్చు. మీ మీద కూడా కేసు పెట్టవచ్చు. అందుకని అప్పుడు గట్టిగా 'తేను' అనండి. కోపం వచ్చినా పర్వాలేదు. ఇంటికొచ్చాక తీరుతుంది.

పేరున్న వాళ్ళకేనా?

"ఇవన్నీ డబ్బున్నవాళ్ళకమ్మా, మనకెవరిస్తారు?" అని చాలామంది అంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఒక పెద్ద పేరున్న మనిషి సంగతి చూస్తే నియమం ఎలా నడుస్తుందో తెలుస్తుంది.

సిద్ధూ అని ఒకాయన ఉన్నాడు. పూర్తి పేరు నవజోత్ సింగ్ సిద్ధూ. మన దేశం తరఫున క్రికెట్ ఆడాడు. టీవీలో పెద్దగా నవ్వుతూ కనబడేవాడు. తర్వాత పంజాబులో మంత్రి అయ్యాడు. 1988 డిసెంబరులో పటియాలా ఊళ్ళో బండి నిలిపే దగ్గర గొడవ జరిగింది. ఆ గొడవలో దెబ్బలు తిన్న ఒక పెద్దాయన చనిపోయాడు. కేసు కోర్టుల చుట్టూ తిరిగింది. 2018లో సుప్రీంకోర్టు వెయ్యి రూపాయల జరిమానాతో సరిపెట్టింది. చనిపోయిన ఆయన ఇంటివాళ్ళు ఊరుకోలేదు. మళ్ళీ చూడండి అని అడిగారు. 2022 మే 19న అదే కోర్టు ఒక ఏడాది కఠిన శిక్ష వేసింది. గొడవ జరిగిన ముప్ఫై మూడేళ్ళకు! మర్నాడు సిద్ధూ కోర్టులో లొంగిపోయాడు. పటియాలా జైలుకు పంపారు. అక్కడ ఆయనకు గుమస్తా పని ఇచ్చారు. అంటే కాగితాలు రాసే పని.

ఇప్పుడు అసలు సంగతి. 2023 జనవరి 26న ఆయన్ని వదిలేస్తారని అందరూ అనుకున్నారు. గణతంత్ర దినం కదా, ప్రభుత్వం కొందరు ఖైదీలను వదలవచ్చు. ఆయన పార్టీ వాళ్ళు స్వాగతానికి కూడా సిద్ధమయ్యారు. కానీ ఆ రోజు వదల్లేదు. ఆయన జైల్లోనే ఉన్నాడు. 2023 ఏప్రిల్ 1న విడుదలయ్యాడు. ఏడాది పూర్తి కావడానికి దాదాపు ఏడు వారాలు ముందు. మంచి నడవడికకు తగ్గిన రోజుల వల్లే అది.

తేడా కనబడుతోందా? జనవరి 26న వదలడం ప్రభుత్వం దయ. ఇస్తే ఇస్తుంది, లేకపోతే లేదు. నెలనెలా కూడే రోజులు వేరు. అవి నియమం ప్రకారం లెక్కలోకి వస్తాయి. పెద్ద పేరున్న మనిషికి కూడా దయ దొరకలేదు, లెక్క దొరికింది.

మన దగ్గర కూడా దయతో వదిలినవి ఉన్నాయి. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం మంచి నడవడిక చూసి 213 మంది ఖైదీలను వదిలింది. వాళ్ళలో ఎక్కువమంది జీవిత ఖైదు పడినవాళ్ళు. 2020 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవిత ఖైదు పడిన ఆడవాళ్ళలో కొందరిని వదిలింది. అది పెద్ద శిక్షల సంగతి. దానికి ప్రభుత్వం ఉత్తరువు కావాలి. ఏడాది, రెండేళ్ళ శిక్షకు ఆగస్టు 15 కోసం ఎదురు చూస్తూ కూర్చోనక్కర్లేదు.

మరి డబ్బున్నవాళ్ళకు, మనకు తేడా ఎక్కడుంది? వాళ్ళకు లెక్క అడిగే ప్లీడరు ఉంటాడు. మనకు ఉండడు. అందుకే మనమే అడగాలి.

పెరోల్ అనే మాట కూడా వింటుంటారు. అది తగ్గింపు కాదు. సెలవు లాంటిది. ఇంట్లో చావో, జబ్బో, పెళ్ళో ఉంటే కొన్నాళ్ళు పంపుతారు. చెప్పిన రోజుకు తిరిగి వెళ్ళాలి. వెళ్ళకపోతే అది ఇంకో నేరం. కొందరు ఇంటివాళ్ళే "ఇంకో రెండ్రోజులుండు, ఏం కాదులే" అని ఆపుతారు. అలా ఆపితే అన్నాళ్ళూ కూడిన మంచిపేరు ఆ రెండ్రోజుల్లో పోతుంది.

ఎలా అడగాలి?

జైల్లో ప్రతి ఖైదీకి ఒక కాగితం ఉంటుంది. హిస్టరీ టికెట్ అంటారు. ఏ కేసు, ఎంత శిక్ష, ఏ పని, ఎన్ని రోజులు తగ్గాయి, ఏమైనా తప్పు చేశాడా అన్నీ అందులోనూ రిజిస్టర్లలోనూ రాస్తారు. తన సంగతి ఖైదీ తనే అడగవచ్చు. ఇంటివాళ్ళు జైలు సూపరింటెండెంటుకు కాగితం పెట్టుకోవచ్చు. ఇదుగో ఇలా రాయండి.

"జైలు సూపరింటెండెంటు గారికి,

అయ్యా,

నా భర్త ............ మీ జైల్లో శిక్ష అనుభవిస్తున్నారు. ఖైదీ నంబరు ....... . ఆయన శిక్ష ......... తేదీన మొదలైంది. అంతకుముందు ......... తేదీ నుంచి ......... తేదీ వరకు రిమాండులో ఉన్నారు. ఆ రోజులు శిక్షలో జమ అయ్యాయా? ఇప్పటివరకు ఎన్ని రోజులు రెమిషన్ వచ్చింది? ఆయన విడుదల తేదీ ఎప్పుడు? దయచేసి తెలియజేయండి.

ఇట్లు,
(మీ సంతకం)
ఊరు, తేదీ"

అంతే. అమ్మ అయితే 'నా కొడుకు' అని రాయాలి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. వేలిముద్ర వేయకండి. సంతకం చేయండి. చేయి వణికినా సరే.

జవాబు రాకపోతే కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. అక్కడికి వెళ్ళండి. 1987లో వచ్చిన చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఉచితంగా ప్లీడరును ఇవ్వాలి. ఆదాయం ఎంత, ఆస్తి ఎంత అని అడగకూడదు. జైల్లో ఉన్నవాళ్ళకు కూడా ఉచితమే. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. దానికి డబ్బు పడదు. జైళ్ళకు కూడా ఈ సంస్థ తరఫున ప్లీడర్లు వస్తుంటారు.

ఎవరైనా డబ్బడిగితే ఒక్క ప్రశ్న వేయండి. "రసీదు ఇస్తారా?" జరిమానాకు రసీదు ఉంటుంది. ముందు విడుదల చేయిస్తానని తీసుకునే డబ్బుకు రసీదు ఉండదు. ఆ ప్రశ్నకు తెల్ల చొక్కాలు చాలావరకు లేచి వెళ్ళిపోతాయి.

ఆడవాళ్ళ జైళ్ళు

ఇంతసేపూ మగవాళ్ళు లోపల, ఆడవాళ్ళు బయట అన్నట్టు చెప్పుకున్నాం. ఆడవాళ్ళూ జైలుకు వెళుతుంటారు. హైదరాబాదు చంచల్‌గూడలో, రాజమండ్రిలో, కడపలో ఆడవాళ్ళకు విడిగా జైళ్ళున్నాయి. శిక్ష తగ్గింపు నియమం ఆడవాళ్ళకూ ఒకటే. కానీ ఒక తేడా ఉంది. మగవాడు జైల్లో ఉంటే పెళ్ళాం, తల్లి ములాఖత్‌కు పోతారు. టిఫిను కట్టుకుని బస్సెక్కుతారు. ఆడది జైల్లో ఉంటే చూడటానికి ఎంతమంది పోతారు? పుట్టింటివాళ్ళు పరువు పోయిందంటారు. అత్తింటివాళ్ళు తలుపేస్తారు. ఆమెకు విడుదల తేదీ ఎవరు అడుగుతారు? జరిమానా ఎవరు కడతారు?

అందుకే లోపలున్న ఆడవాళ్ళకు చదువు మరీ అవసరం. తన కాగితం తనే చదువుకోవాలి. తెలంగాణ జైళ్ళలో 'విద్యాదానం' పేరుతో చదువు నేర్పే కార్యక్రమం నడిచింది. వేలిముద్రతో లోపలికి వచ్చిన మనిషి సంతకంతో బయటికి పోవాలని దాని ఉద్దేశం. మీరు రాత్రి బడిలో దిద్దిన అక్షరాలే వాళ్ళూ దిద్దారు. మీ ఊరి ఆడమనిషి ఎవరైనా లోపలుంటే ఒక ఉత్తరం రాయండి. నాలుగు ముక్కలు చాలు. పిల్లలు ఎలా ఉన్నారో రాయండి.

అవతలి ఇంటివాళ్ళు

మన కథలో చెయ్యి విరిగిన రైతు ఉన్నాడు. అతన్ని మరచిపోకూడదు. కొట్టినవాడు నవంబరులోనే ఇంటికి వస్తే అతనికి ఎలా ఉంటుంది? "ఏడాది అన్నారు, పది నెలలు కూడా ఉండలేదు. డబ్బు పెట్టి వచ్చాడు" అనుకుంటాడు. ఆ అనుమానం మీద మళ్ళీ గొడవలు మొదలవుతాయి. ఇలాంటివి ఊళ్ళలో కొత్త కాదు.

ఆ రైతు భార్య, ఈ ఇంటామె ఒకే కేంద్రానికి చదువుకు వస్తారు. కొన్నాళ్ళు ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. ఒకరోజు రైతు భార్యే అడిగేసింది.

"ఎంత పెట్టారు వదినా?"

"ఒక్క రూపాయి పెట్టలేదు వదినా. ఇదుగో లెక్క" అని ఈమె పలక ముందు పెట్టింది.

రైతు భార్య రెండుసార్లు కూడింది, తీసివేసింది. తప్పు దొరకలేదు. "లెక్క సరే. మా ఆయన చెయ్యి మాత్రం ఇంకా బరువెత్తడం లేదు" అంది.

ఈమె దగ్గర దానికి జవాబు లేదు. శిక్ష తగ్గినంత మాత్రాన తీర్పు మారదు. నేరం చేయలేదని కాదు. కోర్టు వేసిన మచ్చ అలాగే ఉంటుంది. విరిగిన చెయ్యి విరిగినట్టే ఉంటుంది. తగ్గేవి జైలు రోజులు మాత్రమే. ఆ పూట పలక తుడిచి ఈమె అంది, "కోతలకు మీ మడికి నేనొస్తాను వదినా. కూలి వద్దు." ఆమె ఔననలేదు, కాదనలేదు.

మీరు చేయండి

1. ఒకామెకు ఆరు నెలల శిక్ష పడింది. మార్చి 1న మొదలైంది. రిమాండు రోజులు లేవు. నెలకు ఆరు రోజుల చొప్పున తగ్గుతాయి. ఆమె ఏ తేదీకి బయటికి రావచ్చు? (నిండు నెలలకే రోజులు కలుస్తాయని గుర్తుంచుకోండి.)

2. అదే శిక్ష. ఆమె వంట పనిలో ఉంది. నెలకు ఎనిమిది రోజులు. ఇప్పుడు ఏ తేదీ?

3. ఒకతనికి నలభై రోజుల శిక్ష పడింది. ఎన్ని రోజులు తగ్గుతాయి?

4. పైన ఉన్న దరఖాస్తును 'నా కూతురు' అని మార్చి మీ నోటు పుస్తకంలో రాయండి. కింద మీ సంతకం చేయండి.

5. మీ ఊళ్ళో ఎవరైనా డబ్బిచ్చి ఇలా మోసపోయారా? కేంద్రంలో మాట్లాడుకోండి.

మొదటి లెక్కకు జవాబు ఆగస్టు 1. రెండోది, మూడోది మీరే సరిచూసుకోండి.